ఒకసారి వేస్తే ఏటా వాటంతట అవే మొలిచే పూలు, తీగలు: ఏవి వేయాలి, ఏవి వద్దు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మంచు పడని, ఎండ దండిగా ఉండే చోట మీ ఇల్లు. ముందు కాస్త నేల, ఒక పక్క కంచె, పైన కొన్ని కుండీలు ఉన్నాయి. సీజన్ మారినప్పుడల్లా నారు కొని నాటడం విసుగొచ్చింది. రాలిన గింజల నుంచే మళ్ళీ మొలిచే పూలమొక్కలు, ఒకటో రెండో తీగలు కావాలి. కాశీరత్నం వేద్దామనుకుంటే, ‘వేశారంటే జీవితాంతం పీక్కుంటూ కూర్చోవాలి’ అని ఎవరో భయపెట్టారు. అది నిజమేనా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. ఎండ పడే చోట నాచు పూలు, బంతి, పసుపు కాస్మోస్, బొగడబంతి. సగం నీడలో బాల్సమ్, కనకాంబరం. కంచెకు శంఖుపుష్పం. కళ్ళు మూసుకుని వేసుకోవచ్చు. ఇక కాశీరత్నం గురించి మీకు చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పలేదు, కాకపోతే సగమే చెప్పారు. ఆ మిగతా సగం కింద రాస్తాను.

అంతకంటే ముందు ఒక సంగతి. ఇలాంటి తోటలో విత్తే పని మొక్కలు చూసుకుంటాయి, పీకే పని మనకు మిగులుతుంది. నారు ఖర్చు తప్పుతుంది గానీ పని తప్పదు. వానలు మొదలైన తర్వాత మూడు నాలుగు వారాలు రోజుకు పది నిమిషాలు నేల మీద వంగి కూర్చోగలిగితే మిగతా ఏడాది హాయి. అది కుదరదనుకుంటే మందారమో నందివర్ధనమో పెట్టుకోండి, గొడవ ఉండదు.

ఇరవై ఏళ్ళకు పైగా ఇలాగే పెంచుతున్నాను. మొదటి అయిదారేళ్ళు చేసిన తప్పులన్నీ ఒకే రకం: మొక్కను ఎంచుకోవడం మీద బుర్ర పెట్టాను, మొలకను గుర్తుపట్టడం మీద పెట్టలేదు. నా సంగతి అటుంచండి, మా వదిన తోట చూడాలి. మడులు అద్దంలా ఉంచుతుంది. నా దగ్గర బంతి, కాస్మోస్, బాల్సమ్ అన్నీ తీసుకెళ్ళింది. మొదటి ఏడాది బ్రహ్మాండంగా పూశాయి. రెండో ఏడు ఒక్కటీ రాలేదని ఫోన్ చేసి దెప్పింది. వెళ్ళి చూస్తే మడి పక్కన కలుపు కుప్ప ఉంది. అందులో సగం బంతి మొలకలే. పచ్చగా కనిపించిన ప్రతిదాన్నీ బొరిగెతో గీకేసింది పాపం.

అందుకే మొదటి పాఠం మొలకలను గుర్తుపట్టడం. దీనికి తేలిక మార్గం ఒకటుంది. ఈసారి గింజలు వేసేటప్పుడు ఒక్కో రకం నాలుగైదు గింజలు విడిగా చిన్న కప్పుల్లో, పేరు రాసి వేయండి. మొలిచాక ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఒకసారి కంటికి అలవాటైతే ఇక మర్చిపోరు. కాశీరత్నం మొలక మొదటి రెండాకులూ ఒక్కొక్కటి రెండుగా చీలి, సన్నగా, పొడుగ్గా వీ ఆకారంలో ఉంటాయి. కలుపులో అలాంటిది చాలా అరుదు. చంద్రకాంత మొదటి ఆకులు వెడల్పుగా, రూపాయి బిళ్ళ కంటే పెద్దవిగా, కాస్త మందంగా ఉంటాయి. బంతి మొదటి జత ఆకులు మామూలుగానే ఉంటాయి గానీ, ఆ తర్వాత వచ్చే రంపపు ఆకును నలిపి వాసన చూస్తే ఇక అనుమానం ఉండదు. బాల్సమ్ కాడ నీళ్ళు నిండినట్టు నిగనిగలాడుతుంది, ఎర్ర పూల రకమైతే కాడలోనే ఎరుపు తెలుస్తుంది. నాచు పూల మొలక గుండుసూది తలకాయంత ఉంటుంది. ఎర్రటి దారప్పోగు లాంటి కాడకు రెండు బొద్దు ఆకులు. దాన్ని మాత్రం కళ్ళజోడు పెట్టుకునే చూడాలి.

రెండో సంగతి, విత్తనాల ప్యాకెట్ల మీద రాసేది, ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండేది చాలావరకు చలి ప్రాంతాల వాళ్ళ కోసం. అక్కడ మంచు పడగానే మొక్క చచ్చిపోతుంది. గింజల్లోనూ సగం ఆ చలికి పోతాయి. అదే వాళ్ళ బ్రేకు. వేడి ప్రాంతాల్లో ఆ బ్రేకు లేదు. ప్యాకెట్ మీద ‘ఒక్క సీజన్ మొక్క’ అని ఉన్న శంఖుపుష్పం మంచు లేని చోట ఏళ్ళ తరబడి బతుకుతుంది. చంద్రకాంత పైన ఎండిపోయినా కింద దుంప ఉంటుంది, తడి తగలగానే లేస్తుంది. అంటే గింజతో ఒకసారి, దుంపతో ఒకసారి, రెండు రకాలుగా పాతుకుంటుంది. దీనికి తిరగేసి కూడా చెప్పాలి. పాపీ, లార్క్‌స్పర్ లాంటివి ఆ పుస్తకాల్లో ‘వేసి మర్చిపోండి’ జాబితాలో మొదట ఉంటాయి. వాటి గింజకు నేల చల్లబడాలి. చలికాలం బాగా చల్లగా ఉండే చోట తప్ప వాటిని నమ్ముకోవద్దు.

వేడి ప్రాంతంలో రాలిన గింజలు ముఖ్యంగా రెండుసార్లు మొలుస్తాయి. తొలి వానలకు ఒక విడత, ఎండ తగ్గి రాత్రులు చల్లబడ్డాక ఇంకో విడత. బాల్సమ్, కాశీరత్నం, చంద్రకాంత మొదటి విడతలో ఎక్కువ. బంతి, కాస్మోస్ రెండిటిలోనూ వస్తాయి. నడి ఎండల్లో నేల ఖాళీగా కనిపిస్తే కంగారు పడి తవ్వి కొత్తవి నాటకండి. గింజలు అక్కడే ఉన్నాయి.

ఇక ఒక్కో మొక్క గురించి.

నాచు పూలు, టేబుల్ రోజ్ అని కూడా అంటారు. పువ్వు వాడి ముడుచుకున్నాక కింద చిన్న బొడిపె మిగులుతుంది. అది ఎండి లేత గోధుమ రంగుకు వచ్చినప్పుడు రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగండి. డబ్బా మూత ఊడినట్టు పై సగం ఊడొస్తుంది. కింది సగం గిన్నెలా నిలబడుతుంది, దాని నిండా ఉక్కు రంగులో మెరిసే పొడి. ఆ పొడే గింజలు. గ్రాముకు సుమారు 10,000 తూగుతాయి. వాన చినుకు ఆ గిన్నెలో పడితే చాలు, చిమ్ముతాయి. ఈ గింజ మొలవాలంటే వెలుతురు తగలాలి, మట్టి కప్పితే రాదు. నేను ఒక ఏడాది నీళ్ళు ఆదా అవుతాయని మడి అంతా జానెడు ఎత్తున ఎండాకు పరిచాను. మడిలో ఒక్క మొలక రాలేదు. పక్కన నడకదారి రాళ్ళ సందుల్లో మాత్రం తివాచీలా వచ్చాయి. అప్పటినుంచి నాచు పూలకు మడి ఇవ్వడం మానేశాను, కంకర పోసిన అంచు ఇచ్చాను. కంకర కింద తడి ఆరదు, పైన వెలుతురు ఉంటుంది, దానికి కావలసింది అదే. ఒక్క లోటు ఉంది. ముద్ద పూల రకం వేస్తే రెండు మూడు తరాల్లో రేకపూలు ఎక్కువవుతాయి, రంగులు కూడా రాణి రంగు వైపు జారతాయి. ముద్ద పూలే కావాలంటే కొమ్మ విరిచి గుచ్చుకోవాలి.

బంతి గురించి అందరికీ తెలుసు, అయినా రెండు మాటలు. పెద్ద పెద్ద ముద్దల్లా పూసే హైబ్రిడ్ రకాలు కొంటే వాటి గింజల నుంచి అదే పువ్వు రాదు. కొన్ని హైబ్రిడ్లయితే గింజే కట్టవు. మామూలు నాటు రకంతో మొదలుపెట్టండి. ఇంకొకటి, వానల్లో బంతి కాయ లోపలే కుళ్ళిపోతుంది. పైన ఎండినట్టు కనిపిస్తుంది, విప్పితే నల్లటి ముద్ద. కాబట్టి వాన పట్టకముందే రెండు మూడు ఎండిన పూలు తుంచి కాగితం పొట్లంలో దాచండి. రాలినవి రాలనివ్వండి, ఇది మీ బీమా.

పసుపు కాస్మోస్ గురించి చెప్పాలంటే, దానికి మీరు అవసరం లేదు. పేలవమైన నేల ఇస్తే ఇంకా బాగా పూస్తుంది. ఎరువు వేస్తే నిలువెత్తు పెరిగి పడిపోతుంది. గింజ సన్నగా, పొడుగ్గా, కొసన చిన్న కొక్కేలతో ఉంటుంది. పంచెకో చీర అంచుకో అంటుకుని మీ కంటే ముందు గేటు దాటుతుంది. గింజ ముదిరిన మొక్కల మధ్య నడవకుండా ఉంటే చాలు, సగం వ్యాప్తి ఆగుతుంది. గులాబీ, తెలుపు రంగుల్లో, నూలు పోగుల్లాంటి ఆకులుండే కాస్మోస్ వేరే జాతి. దానికి కాస్త చల్లదనం ఇష్టం, ఇంత మొండిది కాదు.

బొగడబంతి నాకు అన్నిటికంటే ఇష్టం. పువ్వు నెలల తరబడి రంగు మారదు, రంగు తరాల మీద కూడా పెద్దగా మారదు. గుండ్రటి పువ్వు మొత్తంగా రాలి, నేల మీదే విడిపోతుంది. గింజ చుట్టూ నూగు ఉంటుంది, అందుకే మొలవడానికి తీరిగ్గా టైం తీసుకుంటుంది. బంతి వారంలోపే కనిపిస్తే ఇది రెండు వారాలైనా తీసుకుంటుంది. తొందరపడి ఆ చోట ఇంకేదో నాటి పాడుచేయకండి, నేను చేశాను.

కోడిజుట్టు పూలు కూడా ఇదే కుటుంబం. ఒక్క పువ్వును కాగితం మీద దులిపితే నల్లటి మెరిసే గింజలు వందల్లో రాలతాయి. నిండుగా ముడతలు పడిన జుట్టు కావాలంటే అలాంటి పువ్వున్న మొక్కనే గింజకు ఉంచి, సన్నగా కంకిలా పూసినవాటిని గింజ పట్టకముందే తీసేయాలి. వదిలేస్తే మూడో ఏటికి అన్నీ కంకులే. జీనియాది కూడా ఇదే కథ: ముద్దపూలు పోయి రేకపూలు మిగులుతాయి. రేకపూలంటే మీకు అభ్యంతరం లేకపోతే ఈ గోలే లేదు. సీతాకోకచిలుకలకు నిజానికి అవే ఇష్టం, తేనె అందుతుంది కదా.

బిళ్ళగన్నేరు నీళ్ళు తక్కువున్న చోటికి. పుట్టింది మడగాస్కర్‌లో, ఎండకు వెరవదు. జంటగా నిలబడే సన్నటి కాయలు ఒక పక్క చీలి నల్లటి గింజలు రాలతాయి. దీని గింజ నాచు పూలకు పూర్తిగా వ్యతిరేకం, చీకట్లో మొలుస్తుంది. అందుకే కుండీ పెదవి కింద, గోడ మొదట్లో, రాయి నీడలో వస్తుంది. నీళ్ళు నిలిచే చోట మాత్రం ఒక్క రాత్రిలో వేలాడిపోతుంది. అలా పోయిన చోట మళ్ళీ రెండేళ్ళు దాన్ని రానివ్వకండి, ఆ మట్టిలో తెగులు ఉండిపోతుంది.

చంద్రకాంతను కొందరు కలుపు కింద తీసేస్తారు. సాయంత్రం పూట ఇంటికి వచ్చేవాళ్ళకు అంతకంటే మంచి మొక్క నాకు తెలియదు. సుమారు నాలుగింటి తర్వాత విచ్చుకుంటుంది, పొద్దున ఎండెక్కితే ముడుచుకుంటుంది. పువ్వుకు ఒకే గింజ. మిరియంలా నల్లగా, ముడతలు పడి ఉంటుంది. ఎరుపు, తెలుపు పక్కపక్కన వేస్తే కొన్నేళ్ళకు గులాబీ రంగు పుట్టుకొస్తుంది. జీవశాస్త్రం పాఠాల్లో ఈ ఉదాహరణ చాలామంది చదివే ఉంటారు. ఆకుల మీద తెల్లమచ్చలు తల్లి మొక్క నుంచే సంక్రమిస్తాయని జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ కారెన్స్ 1909లో చూపించింది కూడా ఈ మొక్క మీదే. కాబట్టి మచ్చల ఆకుల చంద్రకాంత కావాలంటే మచ్చలున్న కొమ్మకు కాసిన గింజలే ఏరండి, పుప్పొడి ఎక్కడిదైనా ఫరవాలేదు. అక్కర్లేని మొలకలను మాత్రం నాలుగాకులప్పుడే లాగేయాలి. ఏడాది ఆగితే కింద ముల్లంగి అంత దుంప తయారవుతుంది, ఇక గడ్డపార తేవాల్సిందే.

నీడ వైపుకు వద్దాం. బాల్సమ్ కాయ గురించి చిన్నప్పుడే అందరికీ తెలిసి ఉంటుంది. పండి లేత పసుపుకు తిరిగిన కాయను వేలితో తాకగానే ఫట్‌మని చుట్టలు చుట్టుకుపోయి గింజలు ఎగురుతాయి. గింజలు ఏరుకోవాలంటే కాయను గుప్పిట్లో మూసి పట్టుకున్నాకే నొక్కాలి. ఇది తల్లి మొక్క చుట్టూ మీటరు, మీటరున్నర దూరంలోనే మొలుస్తుంది కాబట్టి అదుపు తేలిక.

కనకాంబరం ఇంకో అడుగు ముందుకేస్తుంది. దాని కాయకు తాకడం కాదు, తడవడం కావాలి. ఎండిన వెన్నులను ఒకసారి కోసి పళ్ళెంలో పెట్టి, వసారాలో ఉంచి మర్చిపోయాను. రాత్రి వాన జల్లు కొట్టింది. టప్, టప్ అని ఏదో గోడకు తగులుతున్న చప్పుడు. బల్లేమో అనుకుని లైటేసి చూస్తే కాయలు పేలుతున్నాయి. గింజలు పళ్ళెం నుంచి రెండు గజాల అవతల పడ్డాయి. గింజ కింద చిన్న కొక్కెం లాంటి కాడ ఉంటుంది, కాయ చీలగానే అదే గింజను విసురుతుంది. డిసెంబరాలు, చిటపటకాయలు కూడా అదే కుటుంబం, అదే పద్ధతి. గింజ కావాలంటే ఎండిన వెన్నును గిన్నెలో పెట్టి, నాలుగు చుక్కలు చిలకరించి, పైన పల్చటి గుడ్డ కప్పండి. అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది, పిల్లలుంటే వాళ్ళకు అదే ఆట. చిటపటకాయను మాత్రం మడిలోకి రానివ్వకండి. దుంప వేర్లు, ఒక పట్టాన వదలదు.

ఇప్పుడు తీగలు. నిజానికి మీ ప్రశ్నలో జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. పూలమొక్క అక్కర్లేని చోట మొలిస్తే ఆ చోటే పాడవుతుంది. తీగ మొలిస్తే పక్కదాన్ని కూడా పట్టుకుంటుంది.

శంఖుపుష్పం ఎందుకు మొదట చెప్పానంటే, అది నెమ్మదస్తురాలు. చిక్కుడు కుటుంబం, వేళ్ళ బుడిపెలతో నేలకు నత్రజని కూడా చేరుస్తుంది. కాయ చదునుగా, వేలంత పొడవు ఉంటుంది. ఎండాక మెలితిరిగి చీలి గింజలను విసురుతుంది. ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి ముద్ద నీలం వేస్తే చాలావరకు ముద్ద నీలమే వస్తుంది. గింజ తోలు గట్టిది. కొన్ని ఈ వానకు మొలుస్తాయి, కొన్ని వచ్చే వానకు, కొన్ని ఆ పై ఏడు. అందుకే ఒక్కసారిగా మీద పడదు. మీరు మొదటిసారి వేసేటప్పుడు మాత్రం గరుకు కాగితం మీద గింజను ఒక పక్క నాలుగుసార్లు రుద్ది, రాత్రంతా నానబెట్టి వేయండి. తెల్లారేసరికి ఉబ్బినవే నాటండి, ఉబ్బనివి మళ్ళీ రుద్దండి.

కాశీరత్నం. ఇప్పుడు ఆ మిగతా సగం. అందానికి తిరుగులేదు. సన్నటి ఈకల్లాంటి ఆకు, ఎర్రటి నక్షత్రాల్లాంటి పూలు. నేను మొదట వేసినవి ఆరు గింజలు, కంచె మొదట్లో. కాయకు నాలుగు గింజల చొప్పున కాస్తుంది, పూలు రోజూ పదుల్లో. లెక్క మీరే వేసుకోండి. రెండో ఏడు వానకు కంచె కింద అడుగు చదరంలో నలభై మొలకలు లెక్కపెట్టాను. అప్పుడు అవి ముచ్చటగా ఉన్నాయి, పీకబుద్ధి కాలేదు. వారం పది రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి గులాబీ మొక్క కనిపించలేదు, గులాబీ ఆకారంలో కాశీరత్నం కనిపించింది. కోపంతో తీగలు లాగితే వాటితో పాటు గులాబీ చిగుళ్ళూ తెగాయి.

ఆ రోజు నేర్చుకున్నది: అల్లుకున్న తీగను లాగకండి. మొదట్లో నేల దగ్గర కత్తిరించి నాలుగు రోజులు అలాగే వదిలేయండి. ఎండి పెళుసవుతుంది, దులిపితే రాలిపోతుంది, కింది మొక్కకు ఏమీ కాదు.

మరి వేయొచ్చా అంటే, నేను ఇప్పటికీ వేస్తున్నాను. ఒకే కర్ర, దాని చుట్టూ మూడు మొక్కలు, మిగతా అన్నిటికీ దూరంగా. కాయలు పచ్చగా ఉండగానే ముప్పాతిక వంతు తుంచేస్తాను. వానలయ్యాక వారం వారం మొలకలు తీస్తాను. దాని మొలక మెత్తగా ఉంటుంది, నాలుగాకులలోపు రెండు వేళ్ళతో వచ్చేస్తుంది. ఈ తీగకు దుంప లేదు, మొదలు కోస్తే మళ్ళీ లేవదు. అందుకే దీన్ని అల్లరి తీగ అంటాను గానీ ప్రమాదకరమైన తీగ అనను. మీరు తరచూ ఊళ్ళు తిరిగే మనిషైతే మాత్రం వద్దు.

రాత్రి పూట పూసే తీగ కావాలంటే తెల్లటి మూన్‌ఫ్లవర్ ఉంది, కాశీరత్నానికి దగ్గర బంధువు. అరచేతి వెడల్పు పువ్వు. మొగ్గ గొడుగులా మెలితిరిగి ఉంటుంది, మసక పడగానే చూస్తూ చూస్తుండగా విప్పుకుంటుంది. గింజలు పెద్దవి, కంటికి కనిపిస్తాయి, ఏరేయవచ్చు. అందుకే అదుపు తేలిక. అయితే చాలా దూరం పాకుతుంది, చిన్న కంచెకు సరిపోదు. బుడ్డకాకర కూడా సరదాగా ఉంటుంది. గాలి బుడగలాంటి కాయ విప్పితే నల్లటి గింజ మీద తెల్లటి హృదయం బొమ్మ. పిల్లల కోసం ఒక మొక్క చాలు.

ఇక వద్దని చెప్పేవి. ఇందులో నేను మొహమాట పడను.

గులాబీ రంగు గుత్తులతో పూసే కోరల్ క్రీపర్, అంటే యాంటిగోనాన్. చూడముచ్చటగా ఉంటుంది. కింద దుంపలు, పైన లెక్కలేనన్ని గింజలు, గింజలు నీళ్ళ మీద తేలుతూ పోతాయి. ఫ్లోరిడాలో, పసిఫిక్ దీవుల్లో అది చెట్లను కప్పేసింది. నీలి మార్నింగ్ గ్లోరీల్లో ఏళ్ళ తరబడి బతికే ఐపోమియా ఇండికా ఉంది. అది గింజ కట్టకపోయినా తీగ నేలను తాకిన చోటల్లా వేరు దిగుతుంది. ఆస్ట్రేలియాలో దాన్ని కలుపు కింద పరిగణిస్తారు. పసుపు గంటల్లా పూసే క్యాట్స్ క్లా తీగకు గోళ్ళుంటాయి, గాలికి ఎగిరే గింజలుంటాయి, నేలలో దుంపలుంటాయి. ఈ మూడూ ఉన్న తీగను ఓడించిన మనిషిని నేను చూడలేదు. నల్ల కన్ను ఉండే నారింజ రంగు థన్‌బెర్జియా చిన్న కుండీలో, కళ్ళెదుట ఉంటే ఫరవాలేదు, నేల మీద వద్దు. లాంటానా పళ్ళు పిట్టలు తింటాయి. మీ ఇంట్లో ఎంత శుభ్రంగా ఉంచినా అది వేరే చోట మొలుస్తుంది.

నా లెక్క ఇది. గింజ ఎలా పోతుందో చూడండి. కింద రాలి పడేదైనా, పేలి మీటరు దూరం పోయేదైనా మన చేతిలో ఉన్నట్టే. గాలికో, నీటికో, పిట్టకో చిక్కేది మన చేతిలో లేదు. దానికి తోడు దుంప కూడా ఉంటే దగ్గరికి రానివ్వొద్దు. మీ ఇంటి పక్కన వాగో, అడవో, బీడో ఉంటే ఇంకా కచ్చితంగా ఉండండి. మీ ప్రాంతంలో నిషేధించిన మొక్కల జాబితా ఉంటే ఒకసారి చూసుకోండి, ఒకచోట ముద్దుగా పెంచేది ఇంకోచోట నేరం కావచ్చు.

చిన్న పిల్లలు, కుక్కలు ఉంటే ఇంకో జాగ్రత్త. చంద్రకాంత గింజలు, దుంప, కాశీరత్నం, మూన్‌ఫ్లవర్, మార్నింగ్ గ్లోరీ లాంటి ఐపోమియా జాతి తీగల గింజలు, బిళ్ళగన్నేరు మొక్క మొత్తం, ఇవన్నీ కడుపులోకి పోతే హాని చేస్తాయి. ఉమ్మెత్త, నాభి అంతకంటే ప్రమాదం. గురివింద తీగ సంగతి వేరే చెప్పక్కర్లేదు, అందరం దాని నలుపు గురించి మాట్లాడుకుంటాం గానీ భయపడాల్సింది దాని లోపలి విషానికి. నమిలిన గింజ ఒక్కటైనా ప్రాణం మీదికి తేగలదు. పిల్లలున్న ఇంట్లో ఆ తీగ వద్దే వద్దు.

మొదటి ఏడాది ఏం చేయాలో చెప్తాను. మామూలుగా నాటండి, పూస్తున్నన్నాళ్ళూ వాడిన పూలు తుంచుతూ ఉండండి. సీజన్ చివర్లో ఒక్కో రకానికి బాగా పూసిన ఒకటి రెండు మొక్కలను మాత్రమే గింజకు వదలండి. అన్నిటినీ వదిలితే వచ్చే ఏడు మీ పని అయిపోయినట్టే. వదిలిన మొక్క పూర్తిగా ఎండాక అక్కడే రెండుసార్లు దులిపి, అప్పుడు పీకండి. ఆ మడిని తవ్వకండి. తవ్వితే సన్నగింజలు లోతుకు పోయి మొలవవు, ఎప్పుడో లోతుకు పోయిన గట్టి గింజలేమో పైకొచ్చి మొలుస్తాయి. రెండూ నష్టమే. పైన వేలి మందం కంటే తక్కువగా జల్లెడ పట్టిన ఎరువు చల్లండి, చాలు. ఎండాకు పరచాలనుకుంటే పెద్ద మొక్కల మొదళ్ళకే పరచండి. కలుపు మొలవకుండా ముందే కొట్టే మందులు వాడితే మీ పూలూ మొలవవు, అది గుర్తుంచుకోండి.

మొలిచాక పీకడానికి మనసొప్పదు. నాకూ ఒప్పదు, ఇప్పటికీ. కానీ జానెడు చోటులో ముప్పై బంతి మొలకలు వదిలేస్తే ముప్పైలో ఒక్కటీ సరిగా ఎదగదు, గాలాడక మొదలు కుళ్ళి గుత్తులుగా పడిపోతాయి. బంతికి, జీనియాకు అడుగుకొకటి, నాచు పూలకు నాలుగు వేళ్ళకొకటి, కాస్మోస్‌కు అడుగున్నర. తీసిన బంతి, బాల్సమ్, కోడిజుట్టు మొలకలను నాలుగైదు ఆకులప్పుడు సాయంత్రం పూట వేరే చోట నాటితే బతుకుతాయి. తీగల మొలకలు, శంఖుపుష్పం, కాశీరత్నం, వేరు కదిపితే అలుగుతాయి. వాటిని మొలిచిన చోటే ఉంచండి, లేదా తీసేయండి. గింజ పట్టిన మొక్కలను ఇంటి ఎరువు గుంతలో వేయకండి. గుంత లోపల 55, 60 డిగ్రీల వేడి కొన్ని రోజుల పాటు నిలిస్తే తప్ప గింజ చావదు, చిన్న గుంతలు అంత వేడెక్కవు. నేను ఒకసారి అలాంటి ఎరువు మామిడి పాదులో వేసి, ఆ ఏడంతా పాదులో చంద్రకాంత పీకాను.

కుండీల సంగతి అడిగారు. నాచు పూలు, బిళ్ళగన్నేరు, టొరీనియా అనే చిన్న పూలమొక్క కుండీల్లో బాగా తిరిగి మొలుస్తాయి. టొరీనియా అయితే నీడలో ఉన్న పక్క కుండీల్లోకి దానంతట అదే వెళ్తుంది. ఏటా మట్టి మొత్తం మార్చే అలవాటుంటే పై రెండు వేళ్ళ మందం మట్టిని ముందు విడిగా తీసి, కొత్త మట్టి నింపాక మళ్ళీ పైనే పరచండి, గింజలన్నీ ఆ పొరలోనే ఉంటాయి. శంఖుపుష్పానికి మోకాలెత్తు కుండీ కావాలి. కాశీరత్నం మేడ మీద వేయాలనిపిస్తే గోడకు ఆనకుండా మధ్యలో పెట్టండి. ఇంకొకటి, వానకు కొట్టుకుపోయిన గింజలు నీళ్ళు పోయే గొట్టం మూతి దగ్గర చేరి మొలుస్తాయి. మాకు ఒకసారి నాచు పూలు, బుడ్డకాకర అక్కడ గూడు కట్టి మేడంతా చీలమండ లోతు నీళ్ళు నిలిచాయి. వానలు పట్టాక పది రోజులకోసారి ఆ గొట్టం దగ్గరికి వెళ్ళి చూస్తుండండి.